పులిచింతల దగ్గర కార్తీక వనభోజనాలు: పిల్లలతో, పెద్దలతో వెళ్ళేవారు ఎక్కడ కూర్చోవాలి, ఎక్కడికి దిగకూడదు?

ప్రశ్న: బ్రాడీపేట వాసి, గుంటూరు

అందరికీ నమస్కారం. ప్రతి సంవత్సరం కార్తీకమాసంలో మా కుటుంబాలన్నీ కలిసి ఏదో ఒక తోటలో వనభోజనాలు చేసుకోవడం మా ఆనవాయితీ. ఇంతవరకు కొండవీడు వైపో, అమరావతి వైపో వెళ్తూ వచ్చాము. ఈసారి విజయవాడలో ఉంటున్న మా బావగారు కృష్ణానది మీద ఉన్న పులిచింతల జలాశయం చూసి తీరాలని పట్టుబట్టి, ఎవరినీ అడగకుండానే మినీ బస్సు మాట్లాడేశారు. మొత్తం 22 మందిమి. అందులో పదిహేనేళ్ళలోపు పిల్లలు ఏడుగురు, డెబ్బై దాటిన పెద్దలు ముగ్గురు. పొద్దున్నే బయలుదేరి, అక్కడే వండుకొని తిని, చీకటి పడకముందే ఇల్లు చేరాలన్నది ఆలోచన.

నా సందేహాలు ఇవి. ఆనకట్టకు దిగువన ఏటిలో బండరాళ్ళ మధ్య నీళ్ళు మోకాలి లోతుకు మించి ఉండవనీ, పిల్లలు ఆడుకోవడానికి అంతకంటే మంచి చోటు దొరకదనీ బావగారు అంటున్నారు. నాకేమో ఎగువన జలాశయం ఒడ్డే నయమనిపిస్తోంది, కానీ అలా ఎందుకు అనిపిస్తోందో ఆయనకు నచ్చజెప్పేటంత తెలివి నాకు లేదు. మా అన్నయ్య కొడుకులిద్దరు రెండేళ్ళుగా ఈతకొలనులో ఈత నేర్చుకుంటున్నారు కాబట్టి వారిని నీళ్ళలోకి వదలవచ్చునా అన్నది రెండో ప్రశ్న. మా అమ్మగారు కార్తీకస్నానం ఏటిలోనే చేయాలంటున్నారు, ఆవిడ మాట తీసివేయడం మా ఇంట్లో ఎవరి వల్లా కాదు. చివరిది, నీళ్ళు వదిలే సంగతి ముందుగా ఎవరిని అడిగితే తెలుస్తుంది?

"వెళ్ళకండి" అన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా, ఆ నీటిని ఎరిగినవారు వివరంగా చెబితే ఉపకారం చేసినవారవుతారు.

సమాధానం 1: విశ్రాంత జలవనరుల ఉద్యోగి, సత్తెనపల్లి

ముందుగా మీ బావగారి ఆలోచన గురించే చెబుతాను, ఎందుకంటే మీరు అడిగిన నాలుగింటిలోనూ ప్రాణం మీదికి తెచ్చేది అదే. ఆనకట్టకు దిగువన, ఏటి నడుమ ఉన్న రాళ్ళ మీదికి పిల్లలను పంపకండి. అక్కడ మోకాలి లోతే ఉన్నదన్నది ఆ సమయానికి నిజమే కావచ్చు, అరగంట తరువాత నిజం కానక్కరలేదు.

చాలామంది నీళ్ళు వదలడమంటే వరదరోజుల్లో గేట్లు ఎత్తడం మాత్రమే అనుకుంటారు. పులిచింతలకు 24 గేట్లు ఉన్నమాట నిజమే కానీ, ఎడమ గట్టున తెలంగాణ వైపు 30 మెగావాట్ల యూనిట్లు నాలుగున్న విద్యుత్కేంద్రం కూడా ఉంది. ఆ యూనిట్లు తిరిగినప్పుడు గేట్లన్నీ మూసి ఉన్నా దిగువకు నీరు వస్తుంది. కరెంటు అవసరాన్ని బట్టీ, కింద డెల్టాకు ఇవ్వవలసిన నీటిని బట్టీ యూనిట్లు నడుస్తాయి తప్ప, మీ నెత్తిమీద మబ్బు ఉన్నదా లేదా అన్నదానితో వాటికి నిమిత్తం లేదు. గేట్ల మీదుగా దూకే నీరైతే తెల్లని నురగతో, హోరుతో ముందే కనిపిస్తుంది, వినిపిస్తుంది. విద్యుత్కేంద్రం అడుగునుంచి వచ్చే నీరు అలా కాదు. చప్పుడు లేకుండా మట్టం పెరుగుతూ వస్తుంది. పైగా ఏటి నడుమ ఉన్న బండరాళ్ళు ఎత్తుగా, వాటికీ గట్టుకూ మధ్య ఉన్న పాయ పల్లంగా ఉంటాయి కాబట్టి, రాయి మీద కూర్చున్నవారి పాదాలు తడవకముందే వారు తిరిగి రావలసిన దారి మునిగిపోతుంది. ఈ ఒక్క సంగతి మీ బావగారికి కాగితం మీద గీసి చూపించండి.

ఎంత నీరు అన్నది కూడా కాస్త ఊహించుకోవాలి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే సుమారు 28.3 లీటర్లు. పత్రికల్లో "పది వేల క్యూసెక్కులు వదిలారు" అని చదివి చిన్న సంఖ్యే కదా అనుకుంటాము. అది సెకనుకు 2.83 లక్షల లీటర్లు. మన ఊళ్ళో మంచినీళ్ళు తెచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లు ప్రతి సెకనుకూ దాదాపు 57 ఒలకబోసినంత. ప్రవాహవేగం రెట్టింపయితే మనిషి కాళ్ళ మీద పడే తోపుడు నాలుగింతలవుతుంది కాబట్టి, నిన్న నిలబడగలిగిన లోతులోనే ఇవాళ నిలబడలేకపోవడం వింత కాదు.

2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. హైదరాబాదు నుంచి విహారయాత్రకు వెళ్ళిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు, వారి వెంట ఉన్న యాత్రా నిర్వాహకుడు, లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీటికి బియాస్ నదిలో కొట్టుకుపోయారు. వారు ఈతకు దిగినవారు కారు. ఫొటోలు తీసుకుంటున్నవారు.

ఇక ఎగువ సంగతి. నాగార్జునసాగర్‌కు 115 కిలోమీటర్ల దిగువన, ప్రకాశం బ్యారేజీకి 85 కిలోమీటర్ల ఎగువన ఉన్న ఈ జలాశయం పూర్తి మట్టం 175 అడుగులు, నిల్వ 45.77 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). సాగర్‌కూ దీనికీ మధ్య వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది కాబట్టి, హైదరాబాదులో కుండపోతగా కురిసిన వాన కూడా ఇక్కడికి చేరవలసిందే. గుంటూరులో ఆకాశం నిర్మలంగా ఉన్నంత మాత్రాన నీటిమట్టం కదలదని అనుకోరాదు. గేట్లు కూడా మనుషులు చేసినవే. 2021 ఆగస్టు 5 తెల్లవారుజామున ఇక్కడి 16వ నంబరు గేటు కొట్టుకుపోయినప్పుడు, దాని స్థానంలో స్టాప్‌లాగ్, అంటే తాత్కాలికంగా అడ్డుపెట్టే ఉక్కు పలకలు, దించడానికి జలాశయాన్ని చాలావరకు ఖాళీ చేయవలసి వచ్చి, మిగిలిన గేట్లనుంచి కూడా భారీగా నీరు వదిలారు. వరద వల్ల కాదు, మరమ్మతు కోసం. ఆ రోజు దిగువ ఏటిలో స్నానానికి దిగినవాడు ఏ వాన సూచనను చూసుకొని జాగ్రత్తపడగలడు?

ఎగువ ఒడ్డు దిగువకంటే నయమే కానీ నిరపాయం కాదు. నిండిన జలాశయం అంచున మీ కాలికింద ఉండేది నదీగర్భం కాదు, మునిగిపోయిన పొలాలూ ఊళ్ళూ. కోహినూరు దొరికిందని చెప్పుకొనే కొల్లూరు వజ్రాల గనులున్న చోటు ఈ నీటికిందే ఉంది. పొలం గట్లు, మొండి గోడలు, పాత బావులు, మోడువారిన చెట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో పైనుంచి కనిపించదు. రెండడుగులు మెరకగా నడిచిన మనిషి మూడో అడుగు బావిలో వేయవచ్చు.

అందుచేత నేను చెప్పేది ఇంతే: భోజనాల చోటు నీటి అంచున కాక, నీరు కనిపించే మెరక మీద చూసుకోండి. చేరగానే నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, అరగంటకొకసారి దాన్ని చూస్తూ ఉండండి. నీరు పుల్లను దాటితే, ఎంత దాటింది అని లెక్కలు వేయకుండా పిల్లలను వెనక్కి పిలవండి. సైరను మోగితే అదే పని. బస్సులో పాటలు పెట్టుకొని సైరను వినిపించలేదనడం మా ఉద్యోగకాలంలో నేను విన్న సాకే. ఆనకట్ట మీదికీ, విద్యుత్కేంద్రం వైపుకూ, గేట్ల ముందున్న నీటిలోకీ వెళ్ళడం నిషిద్ధం. గేటు మూసి ఉన్నా తూముల దగ్గర లోపలికి లాగే గుణం ఉంటుంది, నీటి పైభాగం మాత్రం అద్దంలా ఉంటుంది.

నీరు వదిలే సంగతికి మీరు బయలుదేరే ముందురోజు స్థానిక పోలీసు స్టేషనును గాని, తహసీల్దారు కార్యాలయాన్ని గాని అడగండి. అక్కడికి చేరాక ఆనకట్ట కాపలా సిబ్బందిని మళ్ళీ అడగండి. ముందురోజు చెప్పిన మాటకు ఆ రోజు విలువ ఉండదు. అందుకే రెండుసార్లు అడగమంటున్నాను.

సమాధానం 2: ఈత శిక్షకుడు, విజయవాడ

పెద్దాయన చెప్పినదంతా సరైనదే. ఈత వచ్చిన పిల్లల గురించి మాత్రం నేను చెబుతాను.

నా దగ్గర నేర్చుకున్న పిల్లల తల్లిదండ్రులకు నేను మొదటి రోజే చెప్పే మాట ఒకటుంది: ఈతకొలనులో వచ్చే ఈత ఈతకొలనుకే. అక్కడ అడుగు కనిపిస్తుంది, లోతు గోడ మీద రాసి ఉంటుంది, అలసిపోతే పట్టుకోవడానికి అంచు ఎప్పుడూ పది పన్నెండు మీటర్లకు మించి దూరం ఉండదు. జలాశయంలో ఇవేవీ ఉండవు. మసక నీటిలో తన చేయి తనకే కనిపించకపోతే పిల్లవాడు బెదురుతాడు. బెదిరినవాడు ఊపిరి తప్పుతాడు, ఊపిరి తప్పినవాడికి నేర్చుకున్న ఈత గుర్తుకు రాదు. పైపొర గోరువెచ్చగా ఉండి, కాలు కిందికి జారగానే చల్లదనం తగిలితే ఉలిక్కిపడి నీళ్ళు మింగడం కూడా మామూలే. వీటన్నిటికీ తోడు వలలు. జలాశయాల్లో చేపలు పట్టేవారు తంగూసు వలలు కట్టి వెళ్తారు. నీటిలో ఆ దారం కంటికి ఆనదు, కాలికి చుట్టుకుంటే తన్నినకొద్దీ బిగుస్తుంది. మంచి ఈతగాడు చిక్కుకున్నా బయటపడడం కష్టం. కాబట్టి మీ అన్నయ్యగారి పిల్లలను నీటిలోకి వదలవద్దన్నదే నా సమాధానం.

మునిగిపోయే మనిషి చేతులూపుతూ కేకలు వేస్తాడనుకోవడం పెద్ద పొరపాటు. ఊపిరి పీల్చుకోవడానికే నోరు నీటిపైకి రావడం లేదంటే కేక ఎక్కడినుంచి వస్తుంది? తల వెనక్కి వాలి, నోరు నీటిమట్టానికి సమంగా ఉండి, చేతులు పక్కలకు నీటిని అదుముతూ, ఎటూ కదలకుండా నిలువుగా ఉంటాడు. ఒడ్డునుంచి చూసేవారికి ఆడుకుంటున్నట్టే కనిపిస్తుంది. చిన్నపిల్లలైతే ఒక నిమిషం కూడా పట్టదు.

ఎవరైనా జారిపడితే వెంటనే దూకాలనిపిస్తుంది, దూకకండి. ఒకరిని కాపాడబోయి ఒకరు, ఆయన్ని కాపాడబోయి మరొకరు పోయిన వార్తలు మన జిల్లాల్లో ఏటా చదువుతూనే ఉన్నాము. బోర్లా పడుకొని కర్రో, కండువానో అందించాలి, అందకపోతే తేలే వస్తువు విసరాలి. మీరు తాగడానికి తీసుకెళ్ళే 20 లీటర్ల నీళ్ళ డబ్బాల్లో ఒకటి ఖాళీ చేసి, మూత గట్టిగా బిగించి, మెడకు పదిహేను మీటర్ల తాడు కట్టి, భోజనాల చోటికీ నీటికీ మధ్య పెట్టండి. మనిషి తల నీటిపైన ఉండడానికి అది చాలు, పెద్దవాడికైనా చాలు. తాడు మరచిపోతే రెండు నూలు చీరలు ముడివేసి వాడుకోవచ్చును.

బయటికి తీశాక కాళ్ళు పట్టుకొని తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం వంటి పనులు చేయకండి. వాటివల్ల విలువైన నిమిషాలు పోవడమే కాక, పొట్టలోని నీరు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే ప్రమాదం ఉంది. పిలిస్తే పలకక, శ్వాస లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి నోటితో ముందు రెండు నుంచి ఐదు శ్వాసలు ఇవ్వాలి. తరువాత ఛాతీ మధ్యలో ముప్పైసార్లు నొక్కడం, రెండు శ్వాసలు ఇవ్వడం, అంబులెన్సు వచ్చేవరకు ఆపకుండా. నొక్కే వేగం నిమిషానికి 100 నుంచి 120, లోతు పెద్దలకు ఐదు సెంటీమీటర్లకు తగ్గకుండా. నీట మునిగినవారికి ప్రాణవాయువు అందకపోవడమే అసలు బాధ కాబట్టి, ఛాతీ నొక్కడంతో సరిపెట్టకుండా శ్వాస కూడా ఇవ్వాలని గుర్తుంచుకోండి. లేచి కూర్చొని బాగానే ఉన్నానన్నా సరే, నీరు మింగి దగ్గుతున్నవారిని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఊపిరితిత్తుల ఇబ్బంది కొన్ని గంటల తరువాత కూడా బయటపడుతుంది.

పడవ సంగతి మీరు అడగలేదు కానీ అక్కడికి వెళ్ళాక పిల్లలు తప్పక అడుగుతారు. 2017 నవంబరు 12న, అదీ కార్తీకమాసపు ఆదివారమే, ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమంలో పడవ తిరగబడి ఇరవైమందికి పైగా చనిపోయారు. చేపలవారి నాటు పడవలు, బుట్టలాంటి గుండ్రని పుట్టీలు ఒకరిద్దరు పనివాళ్ళ కోసం కట్టినవి, వనభోజనాలకు వచ్చినవారిని తిప్పడానికి కాదు. అనుమతి ఉన్న పడవ అయినా, లైఫ్ జాకెట్ పట్టీలన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగి చూడండి. చెవులదాకా లేచిపోతే అది ఆ పిల్లవాడి కొలతది కాదు.

సమాధానం 3: ఏటి ఒడ్డు ఊరివాడు, అచ్చంపేట మండలం

పై ఇద్దరి మాటలూ గౌరవంతోనే చదివాను. అయితే చదువుతున్నంతసేపూ నాకు కొంచెం నొప్పి కూడా కలిగింది. కృష్ణలో ఈది పెరిగినవాళ్ళం, బల్లకట్టు మీద ముక్త్యాల రేవుకు దాటి బంధువుల ఇళ్ళకు వెళ్ళినవాళ్ళం. పట్నం నుంచి వచ్చేవారికి మా ఏరు ఒక మృత్యువు నోరులా వర్ణించి చెబితే, ఎవరు వస్తారు, మా ఊళ్ళో నాలుగు జొన్నరొట్టెలు ఎవరు కొంటారు?

అలాగని అబద్ధం చెప్పలేను. మా చిన్ననాటి ఏరు వేరు, ఇప్పటి ఏరు వేరు. అప్పుడు ఇసుక పల్లంగా, వాలుగా నీటిలోకి దిగేది. మొలలోతు ఎక్కడ, తల మునిగేది ఎక్కడ అన్నది పశువులను తోలే పిల్లలకు కూడా తెలిసేది. ఇప్పుడు యంత్రాలతో ఇసుక తోడిన గోతులు నీటికింద నిలువుగా ఉన్నాయి. ఈ ఏడు ఉన్న గొయ్యి వచ్చే వరదకు పూడుతుంది, మరోచోట మరొకటి లేస్తుంది. ఊరివాళ్ళకే ఆనవాలు చిక్కడం లేదు. 2021 డిసెంబరులో మా మండలంలోనే మాదిపాడు దగ్గర స్నానానికి దిగిన వేదపాఠశాల విద్యార్థులు ఐదుగురు, వారి గురువుగారు మునిగిపోయారు. ఆ రోజు ఏటికి వరద లేదు. డిసెంబరు నెల, నిలకడగా ఉన్న నీరు. అప్పటినుంచి మా ఇంట్లో కూడా మెట్లు లేని రేవులో ఎవరినీ స్నానానికి పోనివ్వడం లేదు.

కాబట్టి మీ అమ్మగారి కార్తీకస్నానం విషయంలో నేను చెప్పేది వినండి. గుంటూరు నుంచి నేరుగా సత్తెనపల్లి రాకుండా తెల్లవారకముందే అమరావతి వెళ్ళండి. అక్కడ మెట్ల ఘాట్‌లో ఆవిడ స్నానం, దీపం, అమరేశ్వరుడి దర్శనం ముగించుకొని, క్రోసూరు, అచ్చంపేట మీదుగా పులిచింతలకు రండి. అక్కడ జనం ఎక్కువే, సోమవారం అసలు పెట్టుకోకండి. అయినా మెట్లు ఉన్నాయి, పట్టుకోవడానికి మనుషులు ఉన్నారు. పెద్దావిడ ఏటిలో మునిగినట్టూ ఉంటుంది, మీరు జలాశయం చూసినట్టూ ఉంటుంది. పులిచింతలకు వచ్చాక మాత్రం ఊళ్ళో ఎవరినైనా ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకొని చోటు చూపించమనండి. టీ దుకాణం దగ్గర అడిగితే చాలు, డబ్బు ఎవరూ అడగరు.

సమాధానం 4: ఇద్దరు పిల్లల తల్లి, పటమట, విజయవాడ

అందరూ లోతు గురించి చెప్పారు. నాకు ఎదురైనది బురద.

మూడేళ్ళ కిందట ఎండాకాలం చివర ఒక జలాశయానికి వెళ్ళాము. ఊరి పేరు చెప్పను, తప్పు ఆ ఊరిది కాదు. నీరు చాలా వెనక్కి పోయి, ఒడ్డంతా ఎండి బీటలు వారిన నేల కనిపించింది. మా ఆడపడుచు కొడుకు, పదేళ్ళవాడు, కొంగలను చూడడానికి పరుగెత్తాడు. పై పెచ్చు మాత్రమే ఎండినది, కింద అంతా మెత్తని ఒండ్రు. తొడలదాకా దిగిపోయాడు. లాగబోయిన మా ఆయన మోకాళ్ళదాకా దిగారు. అదృష్టవశాత్తు గొర్రెలు కాస్తున్న ఒకాయన కేక వేసి, ఎవరూ లాగవద్దని చెప్పి, పిల్లవాణ్ణి వెనక్కి వాలి పడుకోమని, మేము కూర్చోవడానికి తెచ్చిన చాపలు రెండు వాడి పక్కన పరిపించారు. వాడు చాప మీద వీపు ఆన్చి, ఒక్కొక్క కాలును నెమ్మదిగా ఆడిస్తూ బయటికి తెచ్చుకోవడానికి అరగంట పట్టింది. చెప్పులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. మీరు వెళ్ళేది కార్తీకంలో కాబట్టి జలాశయం నిండుగా ఉండవచ్చు, అయినా నీరు కొత్తగా తీసిన అంచు ఎక్కడ కనిపించినా పిల్లలను ఆ వైపు పోనివ్వకండి.

ఆ రోజు నేను నేర్చుకున్న ఇంకో సంగతి, పిల్లలను ఎవరు చూస్తున్నారన్నది. పదిమంది పెద్దవాళ్ళం ఉన్నాము. పొయ్యి దగ్గర ఉన్నవాళ్ళు ఆకులు కడుగుతున్నవాళ్ళు చూస్తున్నారనుకున్నారు, ఆకులు కడుగుతున్నవాళ్ళు కబుర్లు చెప్పుకుంటున్నవాళ్ళు చూస్తున్నారనుకున్నారు. ఇప్పుడు మా కుటుంబంలో ఒక పద్ధతి పెట్టుకున్నాము. ఒక ఎర్ర కండువా ఉంటుంది. అది ఎవరి భుజాన ఉంటే ఆ అరగంటా పిల్లల బాధ్యత వారిది. ఫోను ఇంకొకరికి ఇచ్చేయాలి, వంట ముట్టుకోకూడదు, వేరొకరి భుజాన కండువా వేసి "ఏడుగురూ ఉన్నారు, లెక్క చూసుకో" అని చెప్పేవరకు కదలకూడదు. ముఖ్యంగా వడ్డన మొదలైనప్పుడు కండువా వేసుకున్నవారు చివరి పంక్తిలో తినాలి. అందరి చూపూ విస్తరి మీద ఉండే ఆ పావుగంటలోనే పిల్లలు జారుకుంటారు.

చిన్న చిన్నవి మరికొన్ని. అక్కడ ఫోన్ సిగ్నలు అన్నిచోట్లా అందదు కాబట్టి, 108కీ 112కీ ఎక్కడినుంచి ఫోను కలుస్తుందో చేరగానే చూసి పెట్టుకోండి. దారిలో కనిపించిన ఊరిపేరు, మైలురాయి గుర్తుంచుకుంటే అంబులెన్సువారికి చోటు చెప్పడం తేలిక. బస్సును తిరుగుముఖంగా నిలపమని డ్రైవరుకు చెప్పండి. ఉరుము వినిపిస్తే భోజనం సగంలో ఉన్నా బస్సెక్కండి, ఒంటరి చెట్టుకింద మాత్రం నిలబడకండి. ఉసిరిచెట్టు అయినా సరే. జలాశయం నీరు ఆకుపచ్చ తెట్టు కట్టి ఉంటే చేతులు కడగడానికి కూడా వాడకండి. పెద్దవాళ్ళకు, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి సౌకర్యం అచ్చంపేటలోనే చూసుకొని బయలుదేరండి. లేకపోతే ఎవరో ఒకరు మరుగు వెతుక్కుంటూ ఒంటరిగా గట్టు దిగుతారు.

బ్రాడీపేట వాసి

ఇంత ఓపికగా రాసిన మీ నలుగురికీ కృతజ్ఞతలు. ఏటి ఒడ్డు ఊరివారికి నొప్పి కలిగించినందుకు మన్నించండి. జొన్నరొట్టెలు మీ ఊళ్ళోనే కొంటాము.

అమరావతి మీదుగా వెళ్ళే ఆలోచన మా అమ్మగారికి చెప్పాను. "అమరేశ్వరుణ్ణి చూడకుండా పులిచింతలలో ఏముందని వెళ్తున్నారు?" అని నన్నే తిరిగి అడిగారు కాబట్టి, ఆ చిక్కు తీరినట్టే. భోజనాల చోటు ఎగువన మెరక మీదనే అని నిర్ణయించాము. పిల్లలు నీటిలోకి దిగరు. గాలిపటాలు తీసుకెళ్తున్నాము. కరెంటు తీగలు లేని చోట మాత్రమే ఎగరేస్తారు. ఎర్ర కండువా మా వదినగారు ఇప్పటికే తీసి పెట్టారు.

ఒక్క సందేహం మిగిలింది. ఆ వారంలో బంగాళాఖాతంలో వాయుగుండం వస్తుందంటే ఏమి చేయాలి? బస్సుకు బయానా ఇచ్చాము, తేదీ మార్చడం కుదరదంటున్నారు.

విశ్రాంత జలవనరుల ఉద్యోగి, సత్తెనపల్లి

తేదీ మార్చకండి, చోటు మార్చండి. కార్తీకంలో వాయుగుండాలు మన తీరానికి కొత్త కాదు. వాతావరణశాఖ హెచ్చరిక ఉన్న రోజుల్లో ఆనకట్ట సిబ్బంది వచ్చే నీటికి చోటు చేయడానికి ముందుగానే మట్టం తగ్గిస్తూ ఉండవచ్చు, అంటే వాన పడకముందే దిగువకు నీరు వెళ్తూ ఉంటుంది. అప్పుడు అమరావతి ఘాట్‌లో కూడా మీ అమ్మగారిని మెట్లు దింపకండి. పైమెట్టు మీద కుర్చీ వేసి, బిందెతో నీళ్ళు తెచ్చి పోయండి, అదీ కృష్ణ నీరే. అదే బస్సులో గుంటూరు దగ్గరి ఏదైనా మామిడితోటకు వెళ్ళి భోంచేయండి. జలాశయం మళ్ళీ నెలకు కూడా అక్కడే ఉంటుంది, అప్పటికి గాలి కూడా చల్లబడుతుంది.

గాలిపటాల సంగతి బాగుంది. ఒక్క మాట: గాలి నీటివైపు లాగుతుంటే, తెగిన గాలిపటం వెంట పిల్లలు అటే పరుగెత్తుతారు. ఎగరేసేవారు నీటికి బాగా దూరంగా, గాలి గట్టువైపు వీచే చోట నిలబడాలి.

బ్రాడీపేట వాసి

అర్థమైంది అండీ. ఈ సమాధానాలన్నీ బావగారి చేత చదివించాను. రాళ్ళ మధ్య దారి ముందుగా మునుగుతుందన్న మాట దగ్గర రెండుసార్లు ఆగి, కాగితం మీద తనే గీసి చూసుకున్నారు. దిగువకు వెళ్దామన్న మాట వదిలేశారు. నీటి అంచున పుల్ల గుచ్చి అరగంటకొకసారి చూసే పని మాత్రం ఎవరికీ ఇవ్వననీ, అది తనదేననీ అంటున్నారు.